ఉత్తరం మీద రొట్టె గుర్తు

జనవరి వచ్చేసరికి అపోలోనీ వాసరో చేతివేళ్ళు మొరాయించాయి. పాలు పితకమంటే పితికేవి, కట్టెలు పేర్చమంటే పేర్చేవి, కలం పట్టుకోమంటే మాత్రం వంగేవి కావు. కీళ్ళు ఉబ్బి, చర్మం నెర్రెలిచ్చి, రోజూ పొద్దున్నే ఆమె సిరాబుడ్డిని పొయ్యి పక్కన పెట్టి గడ్డ కరిగేదాకా ఎదురుచూస్తూ, ఈ ఉద్యోగం చేసింది ఇక చాల్లే అనుకునేది. అనుకోవడమే గాని మానడానికి లేదు. రోష్‌గ్రీజ్ అనే ఆ కొండ ఊరి తపాలా కచేరీ అంటే ఆమె ఇంటి ముందుగదే. భర్త బర్తెలెమీ పోయాక పై అధికారులు దయతలచి ఆ పని ఆమెకే ఉంచారు. పని పోతే పొయ్యిలోకి కట్టె కూడా ఉండదు.

సరిగ్గా ఆ ఏడే సర్కారువారికి తపాలా బిళ్ళలు అచ్చువేయాలన్న బుద్ధి పుట్టింది. అంతకుముందు ఉత్తరం ఎవరికి వస్తే వాళ్ళే రుసుము ఇచ్చుకునేవారు. ఇష్టం లేనివాళ్ళు వద్దని తిప్పి పంపేసేవారు. ఇప్పుడు రాసినవాళ్ళే ముందుగా ఒక నల్ల బిళ్ళ కొని అంటిస్తే చాలు, ఉత్తరం ఫ్రాన్సులో ఎక్కడికైనా పోతుంది. బిళ్ళ మీద తలలో ధాన్యం కంకులు తురుముకున్న ఒక ఆడమనిషి బొమ్మ. వాడిన బిళ్ళని ఎవరూ మళ్ళీ వాడకుండా దాని మీద ముద్ర కొట్టాలి. బిళ్ళలు మంచుకు ముందే కొండెక్కి వచ్చాయి. ముద్ర కొట్టే ఇనప పనిముట్టు మాత్రం తీరిగ్గా మంచు పడ్డాక బయల్దేరి కింద బ్రియాన్సోన్ పట్నంలోనో, ఇంకా అవతలో ఆగిపోయింది. అది వచ్చేదాకా కలంతో అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి గీత గీయమని ఆజ్ఞ వచ్చింది. ఆ ఆజ్ఞ రాసినవాడి గదిలో సిరా గడ్డకట్టి ఉండదు.

ఊళ్ళో ఆడవాళ్ళకి ఆ గీతలు నచ్చలేదు. ఆ ఊరున్న కేరాస్ లోయలో చావు కబురు రాసిన ఉత్తరం మీదే శిలువ వేస్తారు. కింద మార్సే పట్నంలో కూలికి పోయిన మొగుడు ఆ శిలువ చూస్తే తెరవకముందే గుండె ఆగి పడిపోతాడని ఒకావిడ పోట్లాడింది. ఇంకొకావిడ, ఆ బొమ్మలో ఉన్నది మేరీ మాత అని నమ్మి, తల్లి మొహం మీద గీతలు గీస్తావా అని శాపనార్థాలు పెట్టింది. అపోలోనీ ఎవరితోనూ వాదించలేదు. వాదించడానికి కూడా ఓపిక కావాలి.

అప్పుడే ఆమెకి పిండితొట్టి అడుగున దాచిపెట్టిన కొయ్యముక్క గుర్తొచ్చింది.

ఆ ముక్క ఆమె ఇంటి రొట్టె గుర్తు. రోష్‌గ్రీజ్‌లో రొట్టెలు ఎవరింట్లో వాళ్ళు కాల్చుకోరు. నవంబరులో ఊరి పొయ్యి వెలిగిస్తారు. చలికాలానికంతా సరిపడే రై ధాన్యపు రొట్టెలు, నెలల తరబడి నిలిచేవి, అన్ని ఇళ్ళవీ అందులోకే పోతాయి. బయటికొచ్చాక ఏది ఎవరిదో తెలియాలి కనక, ప్రతి ఇంటికీ ఒక చెక్కిన కొయ్య గుర్తు ఉంటుంది. పచ్చిపిండి మీద దాన్ని అదిమి పొయ్యిలోకి తోస్తారు. ఎవరి గుర్తు ఉంటే వాళ్ళ రొట్టె, అందులో వాదన లేదు. వాసరో వాళ్ళది ఆరు రేకల పువ్వు, పట్టుకునే పిడి కోడిపుంజు. ఆరో రేక సగం విరిగి ఉంటుంది. చిన్నప్పుడు కొడుకు ఇపోలిత్ దాన్ని పట్టుకుని గడప మీద సుత్తిలా బాదితే విరిగింది. ఆ రోజు వాడికి వాళ్ళ నాన్న చేతిలో దెబ్బలు పడ్డాయి, అపోలోనీ అడ్డం వెళ్ళింది. తర్వాత వాడు సైన్యంలో చేరి అల్జీరియా వెళ్ళి, అక్కడ కిందటి వసంతంలో జ్వరంతో చనిపోయాడు.

ఇంట్లో ఆఖరి మగవాడు పోతే ఆ ఇంటి గుర్తుని తర్వాతి రొట్టెల కాల్పులో పొయ్యిలో వేసేయాలన్నది ఊరి ఆచారం. గుర్తుని గుడ్డలో చుట్టి తేవాలి, పొయ్యి పెద్ద దాన్ని నిప్పులో వేస్తాడు. ఆ పైన మిగిలిన ఆడవాళ్ళు పక్కింటివాళ్ళ గుర్తు కింద కాల్చుకుంటారు. నవంబరులో అపోలోనీ గుడ్డమూట తెచ్చింది. పొయ్యి పెద్ద మార్సెలిన్ ఎబ్రెన్ టోపీ తీసి, దాన్ని నిప్పులో వేశాడు. అందరూ తలలు వంచుకున్నారు. ఆ గుడ్డలో ఉన్నది విరిగిన గరిటె పిడి.

ఆ అబద్ధానికి ఆమె సిగ్గుపడలేదు. మొగుడు పోయాడు, కొడుకు పోయాడు, పొలం మొగుడి తమ్ముడి పిల్లలకి పోయింది. తను బతికుండగా ఆ విరిగిన రేక కాలకూడదు, అంతే ఆమె కోరుకున్నది. తనతో పాటు పెట్టెలో పెట్టి పూడ్చేయమని చచ్చేముందు ఫాదరు గారికి చెప్పుకోవాలనుకుంది. అందాకా పిండితొట్టి అడుగున ఉంటుంది.

కాని ఉత్తరాల మీద దాన్ని కొడితే ఎవరు చూస్తారు? రాసినవాళ్ళు బిళ్ళ కొనుక్కుని, ఉత్తరం కిటికీలోంచి ఇచ్చి వెళ్ళిపోతారు. ముద్ర కొట్టేది వాళ్ళు వెళ్ళాకే. సంచీ కిందికి పోతుంది, కింద ఎవడికి తెలుసు వాసరో వాళ్ళ పువ్వు? ఒక పాత గుడ్డని మసీ నూనే కలిపి తడిపి, పువ్వుని దాని మీద అద్ది, బిళ్ళ మీద ఒక్కటి కొట్టింది. పువ్వు బిళ్ళకన్నా పెద్దది. నల్ల బిళ్ళ మీద నల్ల రేకలు కనపడలేదు గాని, చుట్టూ కాగితం మీదికి చక్కగా పాకాయి. వేళ్ళు వంచక్కర్లేదు, గుప్పిట పట్టి కొడితే సరి. ఆ సాయంత్రం ఆమె కాస్త నెమ్మదిగా తిండి తింది.

టపా మోసే షాఫ్రేకి మాత్రం మర్నాడే తెలిసిపోయింది. సంచీలో ఉత్తరాలు సర్దుతూ ఆగాడు, పువ్వుని చూశాడు, ఆమెని చూశాడు.

"ఏంటక్కా, ఉత్తరాలు కూడా కాలుస్తున్నావా ఇప్పుడు?"

"నోర్మూసుకుని నడువు."

"నాకేం, మూసుకుంటా. పళ్ళెలాగూ లేవు, గాలి దూరకుండా ఉంటుంది."

షాఫ్రే వాగుడుకాయే గాని, ఒకరి మాట ఒకరికి మోసేవాడు కాదు. మోసేది ఉత్తరాలే. అలా రెండు మూడు వారాలు గడిచాయి.

పొయ్యి పెద్ద ఎబ్రెన్ ప్రతి చలికాలం ఒక ఉత్తరం వేసేవాడు, కూతురు ఒనొరీన్‌కి. అది ప్రతి చలికాలం తిరిగొచ్చేది. ఒనొరీన్ ఊరివాణ్ణి కాక, వేసవిలో కింద మైదానం నుంచి గొర్రెలమందతో వచ్చే ఒక కాపరిని చేసుకుంది. అప్పుడు ఎబ్రెన్ పెద్దగా రభసేం చేయలేదు. ఒక్కటే చేశాడు. ఆడపిల్ల పెళ్ళై ఇల్లు వదిలి వెళ్ళేటప్పుడు పుట్టింటి గుర్తున్న రొట్టె ఒకటి ఒడిలో పెట్టి పంపుతారు. ఆయన పెట్టలేదు. పిల్ల ఉత్త చేతులతో కొండ దిగింది. ఆ తర్వాత ఆయన మనసు మారింది, కాని పిల్ల మనసు మారలేదు. ఆడపిల్లకి చదువెందుకని బడికి పంపలేదు కనక ఒనొరీన్‌కి అక్షరాలు రావు. కాని ఉత్తరం మడత మీద లక్కలో నొక్కిన గంట గుర్తు, ఎబ్రెన్ వాళ్ళ రొట్టె గుర్తు, ఆమె చీకట్లో తడిమినా గుర్తుపడుతుంది. వద్దనేది. టపావాడు తిప్పి పంపేవాడు.

ఆ ఏడు ఎబ్రెన్ ఉత్తరం పట్టుకుని వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాడు. ముందే రుసుము కట్టేస్తే పిల్ల వద్దనడానికి ఉండదేమోనని అడిగాడు. వద్దనాలంటే ఎలాగైనా అనొచ్చనీ, కాకపోతే చేతినుంచి పైసా పోదు కనక తీసుకున్నా తీసుకోవచ్చుననీ అపోలోనీ చెప్పింది. ఆయన బిళ్ళ కొన్నాడు. ఉత్తరం తిప్పి చూస్తే వెనక లక్క లేదు. చలికి బిరుసెక్కి జేబులోనే పెటిలి రాలిపోయింది. ఇంటికెళ్ళి మళ్ళీ లక్క కాచి రావాలంటే నడుంలోతు మంచు. అపోలోనీ కాస్త పిండిజిగురు రాసి మడత అంటించింది. ఇక వెళ్ళొచ్చు. ఎబ్రెన్ కదల్లేదు.

"ముద్ర కొట్టు, కొట్టేస్తే నే పోతా."

"నువ్వు పో బావా. నేను కొడతాలే."

"శిలువ గీస్తున్నావంట. నా కూతురి ఉత్తరం మీద శిలువ గీస్తే ఒప్పుకోను. నా కళ్ళముందే కొట్టు."

గుమ్మం దగ్గర షాఫ్రే మంచుచెప్పులు కట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. పొద్దెక్కితే మంచు మెత్తబడుతుందనీ, తనని ఆ లోయలో పూడ్చాలని ఉంటే ముందే చెబితే కాస్త తినైనా పోతాననీ సణుగుతున్నాడు. అపోలోనీకి ఒక్కసారిగా విసుగొచ్చింది. ఎబ్రెన్ మీద కాదు, షాఫ్రే మీదా కాదు, దాచడం మీదే. బల్లకింద చెయ్యి పెట్టి కోడిపుంజు పిడి పట్టుకుని తీసి, మసిగుడ్డ మీద అద్ది, బిళ్ళ మీద కొట్టింది.

ఎబ్రెన్ వంగి చూశాడు. ఆ ఊళ్ళో అన్ని ఇళ్ళ గుర్తులూ కళ్ళు మూసుకుని చెప్పగలిగినవాడు. విరిగిన రేక దగ్గర ఆయన చూపు ఆగిపోయింది.

"ఇది కాలిపోయింది," అన్నాడు.

"లేదు."

"నా చేత్తో నేను వేశాను."

"నువ్వేసింది గరిటె పిడి."

షాఫ్రే దగ్గినట్టు నటించి మొహం అటు తిప్పుకున్నాడు. ఎబ్రెన్ మొహం జేవురించింది. టోపీ తీసి గరిటె పిడికి దణ్ణం పెట్టానన్న మాట గుర్తొచ్చి ఉంటుంది.

"నా ఉత్తరం నాకిచ్చెయ్."

"ముద్ర పడ్డాక అది సర్కారుది బావా. నీదీ కాదు, నాదీ కాదు."

"సర్కారు ముద్ర ఎక్కడుంది? నీ ఇంటి గుర్తుంది. ఎవరి గుర్తుంటే వాళ్ళదే. నా పిల్లకి నీ ఇంటి ఉత్తరం పోతోంది ఇప్పుడు, నా ఇంటిది కాదు."

అపోలోనీ గుర్తుని మళ్ళీ బల్లకింద పెట్టేసింది. ఉత్తరం షాఫ్రే సంచీలో పడేసింది. షాఫ్రే ఇక వెనక్కి చూడకుండా మంచులోకి దిగాడు.

ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి ముందు ఇంటిపెద్దలు పోగయ్యారు. అపోలోనీని పిలవలేదు గాని, ఆమె ఇల్లు ఎదురుగానే కనక మాటలన్నీ వినపడ్డాయి. ఆచారం ఆచారమేనని తేల్చారు. ఈస్టరుకు ముందు చిన్న కాల్పు ఉంటుంది, ఆ రోజు గుర్తుని మళ్ళీ నిప్పులో వేయాలి, ఈసారి గుడ్డ లేకుండా. అయితే ఇనప ముద్ర ఇంకా రాలేదు, శిలువ ఎవరికీ ఇష్టం లేదు, కింద ఉన్నవాళ్ళకి కబుర్లు పోవాలి. కనక అప్పటిదాకా ఉత్తరాల మీద ఆ పువ్వునే కొట్టుకోవచ్చని కూడా తేల్చారు. తప్పు చేసిందన్నారు, ఆ తప్పుని ఇంకో రెండు నెలలు చేయమన్నారు. మగవాళ్ళు నలుగురు చేరితే వచ్చే తెలివి అదే.

అపోలోనీ కొట్టింది. ఫిబ్రవరంతా కొట్టింది. మునుపు కొట్టిన ప్రతిసారీ మనసులో చిన్న సంతోషం ఉండేది, దాచుకున్నది పనికొస్తోందని. ఇప్పుడు ఒక్కొక్కటీ కొడుతుంటే ఒక్కొక్కటీ తగ్గిపోతోందనిపించేది. రాత్రి మంచం మీద వాలితే కొడుకు మొహం గుర్తొచ్చేది కాదు. గడప మీద ఆ సుత్తి మోతే వినపడేది.

మార్చిలో దారి తెరుచుకుంది. షాఫ్రే ఒక చిన్న మూట తెచ్చి బల్ల మీద పెట్టాడు. విప్పితే ఇనప ముద్ర. దాంతో పాటు ఒక ఆజ్ఞాపత్రం: పనిముట్టు చేరిన రోజు నుంచి అదే వాడాలి, ఈలోగా సొంతంగా చేసుకుని ముద్రలకి వాడిన వస్తువులేమైనా ఉంటే వెంటనే నాశనం చేసి, చేసినట్టు రాసి పంపాలి. అపోలోనీ ఇనప ముద్రని ఒక చిత్తుకాగితం మీద కొట్టి చూసింది. జైలు కిటికీ ఊచల్లా వరసగా గీతలు పడ్డాయి.

"నీ పువ్వుకి రెండు చావులు రాసిపెట్టారక్కా," అన్నాడు షాఫ్రే. "ఒకటి ఊళ్ళో, ఒకటి పారిస్‌లో."

"ఒక్కసారి కాలిస్తే రెండూ అయిపోతాయి."

ఎక్కడైనా పారేశానని చెప్పి తనకిచ్చేయమనీ, దారిలో ఏ రాతికిందో దాచి పెడతాననీ షాఫ్రే మెల్లగా అన్నాడు. ఈసారి నవ్వకుండా అన్నాడు. ఆమె వద్దంది. మళ్ళీ దాచాలి, మళ్ళీ అబద్ధమాడాలి, మళ్ళీ ఎవడో కనిపెడతాడు. అలిసిపోయాను షాఫ్రే, అంది. తనకి తాను చెప్పుకున్నట్టే అంది.

చిన్న కాల్పు రోజు పొద్దున్నే ఆమె గుర్తుని సబ్బుతో కడిగింది. మసి చాలావరకు పోయింది, రేకల లోతుల్లో మాత్రం నిలిచిపోయింది. ఎప్రను జేబులో వేసుకుని, పిండిముద్దలు గంపకెత్తుకుని బయల్దేరబోతుంటే షాఫ్రే వచ్చాడు. మామూలుగా సంచీ బల్ల మీద బోర్లిస్తాడు. ఆ రోజు ఒక ఉత్తరం చేత్తో పట్టుకుని ఇచ్చాడు.

"నీకే."

ఆ కచేరీలో ఇన్నేళ్ళుగా అందరి ఉత్తరాలూ ఆమె చేతిమీదుగానే పోయాయి. ఆమెకని వచ్చింది మాత్రం ఒక్కటే, పోయిన వసంతంలో సైన్యం నుంచి. దాని మీద శిలువ ఉంది. అందుకని ఇది చేతిలో పడగానే ముందు పైన శిలువ ఉందేమోనని తిప్పి చూసింది. ఇంక పోవడానికి తనకెవరున్నారని గుర్తొచ్చాక తెరిచింది. కింద మైదానంలో, అర్ల్ దగ్గర ఒక గొర్రెలదొడ్డి నుంచి వచ్చింది. దొడ్డి యజమాని భార్య చేతిరాత, మాటలు ఒనొరీన్‌వి.

"అపోలోనీ అత్తకి ఒనొరీన్ దణ్ణాలు. నాకు రాయడం రాదు కదా, అమ్మగారు రాస్తున్నారు. ఉత్తరం మీద మీ ఇంటి పువ్వు చూసి నువ్వే రాయించావనుకున్నా. నీకేమైనా అయిందేమోనని భయపడి తెరిపించా. లోపల ఉన్నవి నాన్న మాటలు. నాన్న గంట కనపడి ఉంటే తెరిచేదాన్ని కాదు. ఆయన గంట ఉన్న రొట్టె నాకివ్వలేదు, ఆయన గంట ఉన్న ఉత్తరం నాకెందుకు అనుకునేదాన్ని. చదివించుకున్నాక ఏడుపాగలేదు. నేను కొండ దిగే రోజు వాగు దగ్గర నువ్వు పరిగెత్తుకొచ్చి నా ఒళ్ళో పెట్టావే రొట్టె, దాని మీద పువ్వు పడ్డ పెచ్చు ఇంకా నా పెట్టెలో ఉంది. రాయిలా అయిపోయింది, పారెయ్యలేదు. వేసవికి మందతో మేమూ పైకి వస్తున్నాం. నాకో ఆడపిల్ల. నాన్న తలుపు తీస్తాడో లేదో కనుక్కుని నాకు రాయి. ఆ పువ్వు వేసి రాయి, అప్పుడు నాకు తెలుస్తుంది. ఇపోలిత్‌ని అడిగానని చెప్పు."

ఆఖరి మాట అపోలోనీ మళ్ళీ చదివింది. ఈ లోకంలో ఒక్క మనిషికి ఇపోలిత్ ఇంకా బతికే ఉన్నాడు. ఆమె మొహం తుడుచుకుని, ఉత్తరం కూడా ఎప్రను జేబులోనే పెట్టుకుని, గంప ఎత్తుకుంది.

పొయ్యి దగ్గర అందరూ ఉన్నారు. లోపల నిప్పులు ఎర్రగా సిద్ధంగా ఉన్నాయి. బల్లల మీద రొట్టెలు వరసగా పెట్టి ఉన్నాయి, ఇంకా గుర్తులు పడలేదు. ఎబ్రెన్ పొడుగు పార పట్టుకుని నోటి దగ్గర నిలబడ్డాడు. ఆమెని చూసి పార పక్కన పెట్టి, చెయ్యి చాచాడు. అపోలోనీ ఆ చేతిలో గుర్తు పెట్టింది. దాని పైన ఉత్తరం పెట్టింది.

"ముందు ఇది చదువు బావా. తర్వాత అది వెయ్యి."

ఆమె బేరమాడలేదు. బేరమాడాలన్న ఆలోచన రాలేదని కాదు, వచ్చింది. దారిలో వచ్చింది, వాగు దాటేసరికి పోయింది. పిల్ల తండ్రి సంగతి అడిగింది, తండ్రికి చెప్పాలి. ఆమె పనే అది. ఇంత దూరం ఉత్తరాలు మోయించి ఇప్పుడు ఒకటి పట్టుకుని గుంజుకోవడం ఆమెకి చేతకాలేదు.

ఎబ్రెన్ పొయ్యి వెలుగుకి వంగి చదివాడు. పెదాలు కదులుతూ, మెల్లగా. అయిపోయాక మళ్ళీ మొదటినుంచి చదివాడు. వెనకెవరో పొయ్యి చల్లారిపోతోందని గొణిగారు. ఆయన ఉత్తరం మడిచి చొక్కాలో పెట్టుకుని, కట్టెల దుంగ మీద కూర్చున్నాడు. ఆ మనిషి పొయ్యి దగ్గర కూర్చోగా ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

"వాగు దగ్గర నువ్విచ్చావా ఆ రొట్టె?"

"ఇచ్చాను."

"ఇన్నేళ్ళూ నాకు చెప్పలేదేం?"

"నువ్వడగలేదు."

ఆయన తల ఊపాడు. లేచి, తన బల్ల దగ్గరికి వెళ్ళి, రొట్టెల పక్కన ఉన్న తన గంట గుర్తు తీసుకున్నాడు. ఎబ్రెన్ వాళ్ళ తాతల నాటిది, చెమటకి నల్లబడి నున్నగా మెరుస్తోంది. ఒక చేతిలో గంట, ఒక చేతిలో పువ్వు పట్టుకుని పొయ్యి నోటి దగ్గర నిలబడ్డాడు. ఏం చేయబోతున్నాడో ఎవరికీ అర్థం కాలేదు, అపోలోనీకి కూడా.

"ఈ గంట చూస్తే నా కూతురు తిప్పి పంపుతుంది," అన్నాడు. "ఈ పువ్వు చూస్తే తెరుస్తుంది. ఏది కాల్చాలో నాకు తెలుసు."

టోపీ తీశాడు. గంటని నిప్పుల్లో వేశాడు.

పాత కొయ్య కనక తొందరగానే అంటుకుంది. అది పూర్తిగా మండేదాకా ఆయన చూస్తూ నిలబడి, తర్వాత టోపీ పెట్టుకుని, తన రొట్టెల వరస దగ్గరికి వెళ్ళి ఒక్కొక్కదాని మీదా విరిగిన రేక పువ్వుని అదిమాడు. గుర్తు ఇప్పుడు మగవాడు బతికున్న ఇంటిది, దాన్ని కాల్చమనడానికి ఏ ఆచారమూ లేదు. ఒక పెద్దాయన మాత్రం ఉండబట్టలేక, మరి అపోలోనీ రొట్టెలకేదని అడిగాడు. ఎబ్రెన్ ఆమె గంపలోవి కూడా తీసి అదే పువ్వు అదిమాడు. రెండిళ్ళవీ కలిసిపోతే ఏది ఎవరిదో ఎలా తెలుస్తుందని ఆ పెద్దాయన మళ్ళీ అడిగాడు. తెలియక్కర్లేదన్నాడు ఎబ్రెన్.

షాఫ్రే అపోలోనీ పక్కకి వచ్చి, మరి పారిస్ ఆజ్ఞ మాటేమిటని గుసగుసగా అడిగాడు. ముద్ర కొట్టిన వస్తువుని కాల్చమన్నారు గాని రొట్టెలకి వాడేదాన్ని కాల్చమనలేదని ఆమె అంది. ఒనొరీన్‌కి రాసే ఉత్తరంలో బిళ్ళ మీద ఇనప ఊచలు కొడుతుంది, చట్టప్రకారం. వెనక, మడత మీద, లక్కలో పువ్వు నొక్కుతుంది. అందులో ఇపోలిత్ సంగతి కూడా రాయాలి. వేళ్ళు నొప్పెట్టినా తన చేత్తోనే రాయాలి. ఆ పని తలుచుకుంటేనే ఒళ్ళంతా బరువెక్కింది.

రొట్టెలు బయటికొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. అపోలోనీ పొయ్యి గోడకి వీపు ఆనించి వెచ్చదనానికి కునుకుపడుతోంది. ఎబ్రెన్ వేడి రొట్టెలు రెండు వాటాలుగా పంచి, ఆమె వాటా గంపలో పెట్టాడు. ఒకటి మాత్రం విడిగా, శుభ్రమైన గుడ్డలో చుట్టి పక్కన పెట్టుకున్నాడు. పువ్వు అన్నిటికన్నా దాని మీదే బాగా పడింది.

"అదెవరిది బావా?" అంది ఆమె.

"వేసవి దాకా నిలుస్తుందంటావా?"

"రై రొట్టె కదా. నిలుస్తుంది."

"పెళ్ళికూతురిది," అన్నాడు ఎబ్రెన్, గుడ్డ ముడివేస్తూ.